జవాబు మనది, బీరువా వాళ్లది

2025 ఆగస్టులో నీట్ పీజీ రాసిన వైద్యులు చాన్నాళ్లుగా అడుగుతున్న కోరికను, పరీక్ష నడిపే జాతీయ బోర్డు ఎట్టకేలకు మన్నించింది. సుప్రీంకోర్టులో పారదర్శకత మీద పిటిషన్ల విచారణ సాగుతుండగా, అభ్యర్థి ఏ జవాబు పెట్టాడో, సరైనది ఏదో, ఎన్ని మార్కులు పడ్డాయో చూపిస్తామని ప్రకటించింది. తీరా చూపింది ఏమిటంటే, ప్రశ్న ఉండాల్సిన చోట ఒక సంఖ్య. దాని ఎదురుగా సరైన ఆప్షన్, అభ్యర్థి పెట్టిన ఆప్షన్, మార్కు. ప్రశ్న మాత్రం లేదు. ఒక్కొక్కరికి ప్రశ్నలూ ఆప్షన్లూ ఒక్కో వరసలో వస్తాయి కాబట్టి గుర్తున్నంతలో పోల్చి చూసుకుందామన్నా కుదరదు. రెండు లక్షల మందికి పైగా డాక్టర్లు రాసిన పరీక్షలో పారదర్శకత ఈ తీరుగా అఘోరించింది. నువ్వు తప్పు చేశావు, ఏం తప్పో మాత్రం అడక్కు.

నీట్ పీజీ ప్రవేశ పరీక్షే కావచ్చు. కానీ విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి వచ్చినవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈని నడిపేదీ ఇదే బోర్డు. అది గట్టెక్కితే తప్ప మన దేశంలో ప్రాక్టీసు పెట్టడానికి లేదు. 300 మార్కుల్లో 150 రావాలి. ఉక్రెయిన్, కిర్గిజ్‌స్తాన్, జార్జియా, ఫిలిప్పీన్స్ వెళ్లి చదివొచ్చిన తెలుగు పిల్లలు ఏటా వేలల్లో ఈ గడప ముందు నిలబడతారు. 148 దగ్గర ఆగిపోయిన కుర్రాడికి ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో చెప్పే దిక్కు లేదు. మళ్లీ ఆర్నెల్లు, మళ్లీ ఫీజు, మళ్లీ అవే పుస్తకాలు, మొదటి పేజీ నుంచి.

వృత్తిలోకి అడుగుపెట్టనిచ్చే పరీక్షలో మనం రాసిన జవాబు మన చేతికి రావాలా, వద్దా? కాగితం మీద రాసిన కాలానికి సంబంధించినంతవరకూ మన సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను 2011లోనే తేల్చేసింది. రావాలంది. పరీక్షలు కాగితం దిగి కంప్యూటరెక్కే సరికి, అంత పోరాడి తెచ్చుకున్న హక్కు చడీచప్పుడు లేకుండా చేజారుతోంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. పనికిరాకుండా పోతోంది, అంతే.

ఆ హక్కు సులువుగా ఏమీ రాలేదు. 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో ఇదే సుప్రీంకోర్టు, జవాబుపత్రాలు చూపించనక్కర్లేదని చెప్పింది. చూపమన్న బొంబాయి హైకోర్టు తీర్పును కొట్టేసింది. లక్షలమంది రాసే పరీక్షలో అందరికీ అన్నీ చూపిస్తూ కూర్చుంటే ఫలితాలకు ఒక ముగింపంటూ ఉండదని, పరీక్షల వ్యవహారం విద్యారంగ నిపుణులకే వదిలేయాలని దాని ఉద్దేశం. ఆ తరవాత పాతికేళ్ల పైచిలుకు, దేశంలో ఏ బోర్డును అడిగినా ఆ తీర్పునే చూపించి తలుపు మూసేది. ఆ తలుపు తెరిచింది 2005 నాటి సమాచార హక్కు చట్టం. 2008లో సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్ష రాసిన ఆదిత్య బందోపాధ్యాయ్ తన జవాబుపత్రాలు చూపమని అడిగాడు. కలకత్తా హైకోర్టు సరేనంది. సీబీఎస్‌ఈ సుప్రీంకోర్టుకు ఎక్కింది.

అక్కడ సీబీఎస్‌ఈ చేసిన వాదన తమాషాగా ఉంటుంది. జవాబుపత్రాలు మా దగ్గర నమ్మకం మీద ఉన్నవి, ఆ నమ్మకానికి కట్టుబడి బయటపెట్టకూడదు, చట్టంలోని సెక్షన్ 8(1)(ఇ) మమ్మల్ని కాపాడుతుంది అంది. 2011 ఆగస్టు 9న జస్టిస్ ఆర్‌.వి.రవీంద్రన్, జస్టిస్ ఎ.కె.పట్నాయక్ ధర్మాసనం ఆ వాదన పీక నొక్కేసింది. విద్యార్థి నమ్మకంతో ఇచ్చిందే అనుకుందాం, అలాంటప్పుడు అది బయటివాళ్లకు ఇవ్వకూడదు కానీ ఇచ్చిన విద్యార్థికే ఇవ్వననడం ఏమిటి అన్నది కోర్టు ఎత్తిన పాయింటు. దిద్దినవాళ్ల పేర్లు, సంతకాలు కనపడకుండా చెరిపేసి మిగతాదంతా చూపించమంది. పేర్లు బయటికొస్తే వాళ్లకు ముప్పు ఉండొచ్చు కాబట్టి అంతమేరకు దాపరికం తప్పు కాదంది.

నెల తిరక్కముందే, సెప్టెంబరు 2న అదే ధర్మాసనం సీఏ ఇన్‌స్టిట్యూట్ కేసులో తీర్పిచ్చింది. 2007 నవంబరులో సీఏ ఫైనల్ రాసి తప్పిన శౌనక్ సత్య అనే అభ్యర్థి జవాబుపత్రం దగ్గర ఆగలేదు. దిద్దేవాళ్లకు ఇచ్చిన సూచనలేమిటి, నమూనా జవాబులేమిటి, మార్కులు సర్దుబాటు ఎలా చేశారు అని పదమూడు ప్రశ్నలు వేశాడు. ఈసారి కోర్టు వెనక్కి తగ్గింది. దిద్దేవాళ్లకు ఇచ్చే సూచనలు ఇన్‌స్టిట్యూట్‌కూ వాళ్లకూ మధ్య నమ్మకం మీద నడిచేవి, వాటిని అడగడానికి లేదంది. కొందరికి ఇది మింగుడు పడలేదు. నాకైతే ఈ గీత సరైన చోటే పడిందనిపిస్తుంది. నేను రాసింది నాకు కావాలి. దిద్దినవాళ్లు నా గురించి రాసుకున్నది కూడా కావాలి. వాళ్ల వంటింటి లెక్కలు మొత్తం నాకెందుకు?

2011 ఆగస్టు తీర్పు సీఏ విద్యార్థులకు ఏం చేసిపెట్టిందో చూస్తే జవాబుపత్రం విలువ తెలుస్తుంది. సీఏలో ఒక్కో పేపరులో 40 శాతం, గ్రూపు మొత్తం మీద సగటున 50 శాతం తెచ్చుకోవాలి. ప్రతి పేపరులో గట్టెక్కి కూడా మొత్తంలో ఒక్క మార్కు తక్కువై గ్రూపు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి సీజన్లో ఉంటారు. గుంటూరులోనో విజయవాడలోనో హిమాయత్‌నగర్‌లోనో ఏ కోచింగ్ సెంటర్‌లో అడిగినా ఇలాంటి కథలు పుంఖానుపుంఖాలు. ఆ పిల్లలకు ఇప్పుడు సర్టిఫైడ్ కాపీ వస్తుంది. దాన్ని ముందు పెట్టుకుని మాస్టారు కూర్చుంటారు. లెక్క కరెక్టే, కానీ వర్కింగ్ నోటు వేయలేదు. ఆడిటింగ్‌లో విషయమంతా రాశాడు, ఏ ప్రమాణం కింద వస్తుందో చెప్పలేదు. న్యాయశాస్త్రం పేపరులో తీర్పుతో మొదలెట్టి చట్టం ఏమంటుందో చివర్లో చేర్చాడు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు విడుదల చేసే సజెస్టెడ్ ఆన్సర్లు పక్కన పెట్టుకుని చూస్తే మార్కు ఎక్కడ కోశారో తెలిసిపోతుంది. మూడుసార్లు తప్పినవాడు నాలుగోసారి గట్టెక్కడానికి కొత్త పుస్తకం కంటే తన పాత పేపరు ఎక్కువ పనికొచ్చిన సందర్భాలు బోలెడు. ర్యాంకర్ల కాపీలు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి, పరీక్షలో రాసే పద్ధతికి అవే పాఠ్యపుస్తకాలయ్యాయి.

సివిల్ సర్వీసెస్‌లో దీనికి పూర్తి విరుద్ధం. మెయిన్స్ జవాబుపత్రాలు అభ్యర్థి చేతికి రావు. 2018 ఫిబ్రవరిలో అంగేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు యూపీఎస్సీ వైపు నిలిచి, మార్కుల వివరాలు యాంత్రికంగా బయటపెట్టమనలేమంది. అందుకే అశోక్‌నగర్‌లో, కరోల్‌బాగ్‌లో అమ్ముడుపోయే టాపర్ల కాపీలు అసలు పరీక్షలోవి కావు. కోచింగ్ సెంటర్ల టెస్ట్ సిరీస్‌లో రాసినవి. అసలు దానికి గతి లేక నకలు దాని మీద పాఠాలు చెప్పుకుంటున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జవాబుపత్రం చూడటం వేరు, మళ్లీ దిద్దించుకోవడం వేరు. 2017 డిసెంబరులో రణ్ విజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, నిబంధనల్లో రీవాల్యుయేషన్ లేకపోతే దాన్ని హక్కుగా అడగలేం. సీఏ నిబంధనల్లోనూ వెరిఫికేషన్ అంటే ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా, కూడికలో పొరపాటుందా అన్నంతవరకే. బోర్డులు కావాలనో, తెలియకో ఈ రెంటినీ కలిపేస్తాయి. చూపిస్తే ప్రతివాడూ మళ్లీ దిద్దమంటాడని భయపెడతాయి. 2011 తరవాత సీఏ పరీక్షలు కుప్పకూలిపోయాయా? లేదే.

నిజానికి 2011 ఆగస్టు తీర్పులోనే ఒక చిన్న కంత ఉంది. దాన్ని అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు. జవాబుపత్రం బోర్డు దగ్గర ఉన్నంతకాలమే ఆ హక్కు. నిబంధనల ప్రకారం మూడు నెలలకో ఆర్నెల్లకో వాటిని తుక్కు కింద వేసేస్తే, ఇక అడగడానికేమీ మిగలదు. ఎన్నాళ్లు దాచాలో ఎవరు నిర్ణయిస్తారు? బోర్డే. గోదాములు నిండిపోతాయన్న కారణం కాగితం కాలంలో న్యాయమైనదే. ఇప్పుడు సీఏ జవాబుపత్రాలను స్కాన్ చేసి కంప్యూటర్ తెరల మీదే దిద్దుతున్నారు. ఫైలు దాచడానికి గోదాము అక్కర్లేదు. అయినా గడువు మాత్రం గోదాముల కాలం నాటిదే.

ఫీజుల దగ్గరా ఇదే గొడవ. కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ ఒక్కో సబ్జెక్టు సర్టిఫైడ్ కాపీకి 500 రూపాయలు, ఊరికే చూసిపోవడానికి 450 అంది. సమాచార హక్కు నిబంధనల ప్రకారం కేంద్ర సంస్థల్లో పేజీకి 2 రూపాయలు. 2019 ఏప్రిల్‌లో పారస్ జైన్ కేసులో సుప్రీంకోర్టు మధ్యేమార్గం చెప్పింది. ఇన్‌స్టిట్యూట్ తన పద్ధతి తాను పెట్టుకోవచ్చు, కానీ అభ్యర్థి సమాచార హక్కు కింద వస్తే ఆ చట్టం చెప్పిన రేటే తీసుకోవాలంది. అయినా అభ్యర్థులు ఎక్కువగా నడిచేది ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో పెట్టిన దారిలోనే. పక్కన అగ్గువ దారి ఉందని ఆ వెబ్‌సైట్ ఎందుకు చెబుతుంది?

ఇప్పుడు యూరప్‌కి వద్దాం. అక్కడా కథ ఒక అకౌంటెంటుతోనే మొదలైంది. పీటర్ నోవాక్ ఐర్లాండ్‌లో చార్టర్డ్ అకౌంటెన్సీ చదివేవాడు. స్ట్రాటజిక్ ఫైనాన్స్, మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ పేపరు పుస్తకాలు తెరిచి రాసే పరీక్ష. అది నాలుగుసార్లు తప్పాడు. 2010 మేలో, నా గురించి మీ దగ్గరున్న వ్యక్తిగత సమాచారమంతా ఇవ్వండి అని అక్కడి సంస్థకు రాశాడు. వాళ్లు పదిహేడు కాగితాలు పంపారు. అసలు జవాబుపత్రం మాత్రం పంపలేదు. అది వ్యక్తిగత సమాచారం కిందికి రాదన్నారు. డేటా పరిరక్షణ కమిషనరూ అదే పాట పాడారు. కింది కోర్టులూ అదే అన్నాయి. చివరికి ఐర్లాండ్ సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి పంపింది. 2017 డిసెంబరు 20న అది తీర్పిచ్చింది. అడిగిన నాటి నుంచి ఏడున్నరేళ్లు.

ఆ తీర్పు బలం దాని తర్కంలో ఉంది. అభ్యర్థి రాసిన జవాబు అతని పరిజ్ఞానాన్ని, ఆలోచించే తీరును, నిర్ణయశక్తిని చూపిస్తుంది. చేత్తో రాసిందైతే చేతిరాతనూ పట్టిస్తుంది. దాన్ని సేకరించిందే అతన్ని తూకం వేయడానికి. దాని ఫలితం అతని బతుకుతెరువు మీద పడుతుంది. ఇంతకన్నా వ్యక్తిగతమైన సమాచారం ఇంకేముంటుంది? దిద్దినవాళ్లు అంచుల్లో రాసిన వ్యాఖ్యలు కూడా అతని గురించినవే, కాబట్టి అవీ అతని సమాచారమేనంది. అలాగని దుర్వినియోగానికి తావివ్వలేదు. తప్పును సరిదిద్దే హక్కుంది కదా అని పరీక్ష అయ్యాక జవాబు దిద్దుకుంటానంటే కుదరదు. పత్రాలు తారుమారయ్యాయనో, కొన్ని పేజీలు పోయాయనో తేలితే మాత్రం సరిచేయమనొచ్చు. ప్రశ్నలు మాత్రం అభ్యర్థివి కావు.

ఇదే వ్యవహారంలో బ్రిటన్, ఐర్లాండ్ పక్కపక్కనే ఉండి తలోవైపు నడిచాయి. ఐర్లాండ్ తన 2018 డేటా చట్టంలో పరీక్ష ఫలితాల మీద, జవాబుపత్రాల మీద అభ్యర్థి హక్కుకు ప్రత్యేకంగా ఒక సెక్షనే పెట్టుకుంది. బ్రిటన్ కూడా అదే ఏడాది చట్టం చేసింది. అభ్యర్థి పరీక్షలో రాసినదాన్ని అడిగే హక్కు నుంచి మినహాయించింది. దిద్దినవాళ్ల వ్యాఖ్యలకు ఆ మినహాయింపు లేదు. అంటే లండన్‌లో వృత్తి పరీక్ష రాసిన తెలుగు కుర్రాడు, తను రాసిందాని గురించి ఎగ్జామినర్ ఏమన్నాడో తెచ్చుకోగలడు. తనేం రాశాడో మాత్రం అడగలేడు. విమర్శ చేతికొస్తుంది, విమర్శకు గురైన రచన రాదు. చట్టాల్లో ఇలాంటి హాస్యం అరుదుగా దొరుకుతుంది.

మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఈ విషయంలో ఐర్లాండ్ దారి పట్టలేదు. యూరప్ చట్టం నకలు ఇమ్మంటుంది. మన చట్టంలోని పదకొండో సెక్షన్ ‘సారాంశం’ అంటుంది. మీ దగ్గర నా సమాచారం ఏముంది అని అడిగితే, అదేమిటో సంక్షిప్తంగా చెబితే చాలు. జవాబుపత్రానికి సారాంశం అంటే మార్కుల మెమోనేగా? అది ఎలాగూ ఇస్తున్నారు.

కాగితం కథ ఇది. అసలు చిక్కు కంప్యూటర్ దగ్గర. అమీర్‌పేట నుంచి బెంగళూరు దాకా, ఆపైన డల్లాస్ దాకా, తెలుగు ఐటీ కుర్రాళ్లు ఏటా క్లౌడ్ సర్టిఫికేషన్లకు, నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్లకు, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షలకు ఫీజులు కట్టి కూర్చుంటారు. జేబులో ఏదీ ఉండకూడదు, వాచీ కూడా తీసేయాలి. కాగితం బదులు చెరిపి రాసుకునే ప్లాస్టిక్ బోర్డు ఒకటిస్తారు. బయటికొచ్చేటప్పుడు దాన్నీ లాక్కుంటారు. పరీక్ష మొదలవ్వకముందు తెర మీద ఒక గోప్యతా ఒప్పందం వస్తుంది. దాన్ని చదవడానికి కొద్ది నిమిషాలు. ఒప్పుకోకపోతే చాలా పరీక్షలు అక్కడితో సరి, కట్టిన డబ్బు గోవిందా. ఒప్పుకుంటే ఇక ఒక్క ప్రశ్న గురించి కూడా ఎవరితోనూ మాట్లాడకూడదు. చివర్లో పాసో ఫెయిలో చెప్పి, ఏ విభాగంలో బలం ఏ విభాగంలో బలహీనం అని ఒక చిన్న పట్టిక చేతిలో పెడతారు. ఇవి ప్రైవేటు సంస్థలు. సమాచార హక్కు చట్టం వాటి జోలికి వెళ్లదు.

గోప్యత ఎందుకు అంటే ప్రశ్నలు లీకైపోతాయట. ఇప్పుడేమైనా తక్కువ లీకవుతున్నాయా? అమీర్‌పేటలో ఎవరినైనా అడగండి, ఏ సర్టిఫికేషన్‌కి డంప్స్ కావాలంటే ఆ సర్టిఫికేషన్‌కి దొరుకుతాయి. జ్ఞాపకం పెట్టుకుని వచ్చి బయట రాసి అమ్మే వ్యాపారం రెండు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. దాన్ని ఈ ఒప్పందాలు ఆపలేదు. ఆపింది ఎవరినంటే, నిజాయతీగా చదివి రాసిన కుర్రాణ్ని. దొంగ ప్రశ్నలన్నీ మోసుకుపోతాడు. నిజాయతీపరుడు తన జవాబు కూడా తీసుకెళ్లకూడదు. ఈ పద్ధతి ఎవరికి కాపలా కాస్తోందో తేల్చుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ప్రయోగాత్మకంగా పని చేసి చూపే పరీక్షల్లో ఇది ఇంకా విచిత్రం. కంప్యూటర్ భద్రతారంగంలో ఓఎస్‌సీపీ అని ఒక సర్టిఫికేషన్ ఉంది. దాదాపు 24 గంటలు కూర్చుని సిస్టమ్‌లలోకి చొరబడి చూపించాలి, ఆ తరవాత మరో రోజులో నివేదిక రాసి పంపాలి. నివేదిక అభ్యర్థి తన కంప్యూటర్‌లో, తన మాటల్లో రాసిందే. దాన్ని ఉద్యోగ ఇంటర్వ్యూలో చూపించి, ఇదిగో నా పని అనడానికి వీల్లేదు. కట్టడాల నమూనాలు గీసినవాడు బొమ్మలు చూపించి పని తెచ్చుకుంటాడు. సొంత పని దాచుకోమనే వృత్తి పరీక్షలు మాత్రం అది తమ సొత్తు అంటాయి.

వాళ్ల వాదనలో పస లేకపోలేదు. ప్రశ్నల నిధి పరిమితంగా ఉన్నప్పుడు ప్రతి ప్రశ్నా తయారు చేయడానికి, పరీక్షించి చూడటానికి డబ్బూ నెలలూ పడతాయి. 2012లో ఎయిమ్స్ సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష విషయంలో ఢిల్లీ హైకోర్టు దీన్నే ఒప్పుకుంది. ఆ స్థాయి పరీక్షలకు మంచి ప్రశ్నలు పరిమితంగానే ఉంటాయి, బయటపెడితే పిల్లలు ప్రశ్నలను బట్టీ పడతారు తప్ప విషయం చదవరు అంది. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అభ్యర్థి జవాబు ‘సి’ అయినప్పుడు, ప్రశ్న లేకుండా ఆ ‘సి’ ఎందుకూ కొరగాదు. యూరప్ తీర్పు కూడా ఇక్కడ చేతులెత్తేస్తుంది, ప్రశ్నలు అభ్యర్థివి కావంది కదా.

కానీ మన దగ్గరే, ఇవే కంప్యూటర్ల మీద పెట్టే పరీక్షల్లో, ఇంకో దారి నడుస్తోంది. గేట్ పరీక్ష నడిపే ఐఐటీలు ప్రశ్నపత్రం, కీ, అభ్యర్థి జవాబులు అన్నీ బయటపెడతాయి. అభ్యంతరం ఉంటే డబ్బు కట్టి చెప్పమంటాయి. జేఈఈ మెయిన్‌లోనూ అంతే. ఏటా కొత్త ప్రశ్నలు చేసుకోవడం ఆ సంస్థలకు భారం కాలేదు. నీట్ యూజీలో 2024లో భౌతికశాస్త్రంలో పరమాణువు మీద అడిగిన ఒక ప్రశ్నకు రెండు జవాబులకూ మార్కులు వేశారు. ప్రశ్న బయట ఉంది కాబట్టే అభ్యర్థులు సుప్రీంకోర్టుకు వెళ్లగలిగారు. కోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగింది, జవాబు ఒక్కటేనని తేలింది, ర్యాంకులు మారాయి. 61 మంది మొదటి ర్యాంకర్లు 17 మందికి వచ్చారు. అదే ప్రశ్న నీట్ పీజీలో వచ్చి ఉంటే? ఎవరికీ తెలిసేదే కాదు. ఒక సంఖ్య, దాని ఎదురుగా ఒక ఆప్షన్, అంతే.

అమెరికాలో ఇంతకన్నా పాత కథ ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రం 1979లో ప్రవేశ పరీక్షల సంస్థలు ప్రశ్నలు, జవాబులు బయటపెట్టాలని చట్టం చేసింది. సంస్థలు గగ్గోలు పెట్టాయి. ఆ వెంటనే 1980 అక్టోబరు పీఎస్‌ఏటీ పరీక్ష జరిగింది. ప్రశ్నలు, జవాబులు తిరిగి చేతికందాక ఫ్లోరిడాలో ఒక పదిహేడేళ్ల కుర్రాడు కూర్చుని చూస్తే, రెండు పిరమిడ్లను అతికిస్తే బయటికి కనిపించే ముఖాలెన్ని అన్న ప్రశ్నకు సంస్థ చెప్పిన ఏడు తప్పనీ, తను చెప్పిన అయిదే సరైనదనీ తేలింది. పరీక్ష తయారుచేసిన గణిత నిపుణులెవరూ అప్పటిదాకా దాన్ని పట్టలేదు. ఆ ఒక్క కుర్రాడి వల్ల దాదాపు 2,40,000 మంది మార్కులు పెరిగాయి. పరీక్ష సంస్థకు తన తప్పు తనంతట తెలియదు, రాసినవాడే చెప్పాలి. చెప్పాలంటే ముందు వాడి చేతికి పేపరివ్వాలి.

సొత్తు ఎవరిదన్న ప్రశ్నకు చట్టం దగ్గర ఒక పాత జవాబు ఉంది. 1916లో లండన్ విశ్వవిద్యాలయం ప్రశ్నపత్రాల కేసులో ఇంగ్లండ్ కోర్టు, ప్రశ్నపత్రం కూడా సాహిత్య రచనేననీ, దాని కాపీరైట్ మొదట దాన్ని తయారుచేసిన పరీక్షాధికారిదేననీ చెప్పింది. 1996లో ఢిల్లీ హైకోర్టు సీబీఎస్‌ఈ ప్రశ్నపత్రాల విషయంలో ఇదే దారి పట్టి, ఆ హక్కు పేపరు సెట్ చేసినవాళ్లదేననీ, బదలాయిస్తే తప్ప బోర్డుకు రాదనీ అంది. ప్రశ్న రాసినవాడికి తన ప్రశ్న మీద హక్కుంటే, జవాబు రాసినవాడికి తన జవాబు మీద ఎందుకుండదు? మూడు గంటల్లో ఇరవై పేజీలు రాసిన సీఏ విద్యార్థి కంటే ఎక్కువ సృజన ఒక్క వాక్యం ప్రశ్నలో ఉందా? ఈ వాదనతో మన దేశంలో ఎవరైనా కోర్టు మెట్లెక్కితే బాగుండునని నా కోరిక. బోర్డులు జవాబుపత్రాన్ని దాచుకోవచ్చు, కాగితం వాళ్లది. అందులోని రాత వాళ్లది ఎలా అవుతుంది?

మన రెండు రాష్ట్రాల్లో ఈ చర్చకు పక్కనే ఒక గాయం ఉంది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ మీద 2025 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఫలితాలను రద్దుచేసి మళ్లీ దిద్దమన్నారు, అదే నెలలో డివిజన్ బెంచ్ దాన్ని నిలిపివేసింది. ఏది న్యాయమో కోర్టులే తేల్చుకుంటాయి. అభ్యర్థులందరికీ ఫలితాల రోజే తమ జవాబుపత్రాల స్కాన్లు అందివుంటే సగం అనుమానాలు కోర్టు గేటు దాకా వెళ్లకుండానే ఆగిపోయేవి, మిగతా సగానికి ఆధారాలు దొరికేవి. ఇది నా అంచనా, కానీ గాలిలోంచి పట్టింది కాదు. ప్రాథమిక పరీక్షల ఓఎంఆర్ స్కాన్లు వెబ్‌సైట్‌లో పెడుతున్నప్పుడు, అసలైన మెయిన్స్ దగ్గరికొచ్చేసరికి ఆ అలవాటు ఎందుకు తప్పిపోతోంది?

చేయాల్సింది మరీ కష్టమేం కాదు. చేత్తో రాసే ఏ వృత్తి పరీక్షకైనా, దిద్దిన జవాబుపత్రం స్కాన్‌ను ఫలితంతోపాటే అభ్యర్థి లాగిన్‌లో పెట్టేయాలి. ఎవరూ అడగనక్కర్లేదు, ఎవరూ 500 కట్టనక్కర్లేదు. పేరు కనిపించకుండా చెరిపేయడం ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ పని. కనీసం ఒక ఏడాదిపాటు తీసేయకూడదు. ఎఫ్‌ఎంజీఈ లాంటి లైసెన్సు పరీక్షల ప్రశ్నలు, ఆ సెషన్ అయిపోగానే కీతోపాటు బయటపెట్టాలి. ప్రశ్నల నిధి కరిగిపోతుందంటే కొత్త ప్రశ్నలకు ఖర్చు పెట్టాలి, ఫీజు రూపంలో వసూలవుతున్నది అందుకే కదా. నిజంగా వీలుకాని చోట, ఎంపిక చేసిన కేంద్రంలో కెమెరాల కింద కూర్చోబెట్టి, తన ప్రశ్నలూ తన జవాబులూ అభ్యర్థిని చూసుకోనివ్వాలి. కంప్యూటర్ పరీక్ష పెట్టగలిగినవాళ్లు కంప్యూటర్ మీద చూపించలేమంటే ఎవరు నమ్ముతారు? ప్రైవేటు సంస్థల మీదికి సమాచార హక్కు చట్టం పోకపోయినా, మన డేటా చట్టంలో ‘సారాంశం’ అన్నచోట పరీక్షల వరకైనా ‘నకలు’ అని చేర్చవచ్చు. పార్లమెంటులో మన రెండు రాష్ట్రాల నుంచి ఉన్న నలభై ఇద్దరు లోక్‌సభ సభ్యుల్లో ఒక్కరు ఒక ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టినా మాట మొదలవుతుంది.

ఈలోగా వృత్తి పరీక్ష రాసిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇంతే. ఫలితం వచ్చిన రోజే గడువు లెక్కపెట్టుకోండి. ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో పెట్టిన ఫారంతో ఆగకుండా, సమాచార హక్కు చట్టం కింద మీ జవాబుపత్రం నకలు కోరుతూ ప్రజా సమాచార అధికారికి ఒక దరఖాస్తు రాయండి. కేంద్ర సంస్థలకు దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ముందు మొదటి అప్పీలు, అదీ కాకపోతే సమాచార కమిషన్. పారస్ జైన్ తీర్పు పేరు దరఖాస్తులో రాయడం మరవకండి. జవాబుపత్రాలు తుక్కులోకి పోకముందే అది చేరాలి.